మూత లోపలి ఫ్యూజు

కొంటానంటే అమ్మనన్న కొట్టువాణ్ణి కృపమ్మ తన జన్మలో మొదటిసారి చూసింది.

తెనాలి స్టేషను దగ్గర సందులో రేడియో సామాన్లు అమ్మే కొట్టు అది. అద్దాల బల్లకి అవతల కళ్ళజోడు కుర్రవాడు, పేరు ఎజ్రా. ఇవతల ఆమె కూతురు రిబ్కా. ఇద్దరి మధ్యా ఒక ఎలిమినేటరు. టేప్ రికార్డరుకి బ్యాటరీల బదులు తగిలించుకునే నల్ల డబ్బా.

"ఇది ఇవ్వనండి," అన్నాడు ఎజ్రా.

"అమ్మటానికే కదా పెట్టారు?"

"టేప్ రికార్డరుకైతే ఇస్తాను. మీరు చెప్పినదానికి ఇవ్వను."

రిబ్కా చెప్పింది ఇదీ. బాపట్లలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం కాలేజీలో చిన్న కంప్యూటరు ఇచ్చారు. తెర లేదు, పెట్టె లేదు. ఒకే ఒక్క పచ్చ పలక, దాని మీద చిప్పులు, మీటలు, ఎర్రగా వెలిగే అంకెలు. రేపల్లెలో ఇంటికి తెచ్చుకుంది. సోమవారం పరీక్షలో పనిచేయించి చూపాలి. పలక కాలిందా, ప్రాజెక్టు పోయినట్టే, ఏడాదీ పోయినట్టే. దానికి ఐదు వోల్టులిచ్చే పవర్ సప్లై మాత్రం ల్యాబులో బల్లకి బిగించి ఉందట, ఇవ్వరట.

ఎజ్రా ఆ డబ్బాని ప్లగ్గులో పెట్టి, మీటరు తీగలు ఆనించాడు. డబ్బా మీద ఆరు అని రాసి ఉంది. ముల్లు తొమ్మిది దాటింది.

"పలక తగిలిస్తే దిగుతుంది," అంది రిబ్కా.

"దిగేలోపే చిప్పులు పోతాయండి. పైగా మీ పలక లాగే కరెంటుని ఇది మొయ్యలేదు."

అయితే వోల్టేజిని ఐదు దగ్గర ఆపే రెగ్యులేటరు తనే పెట్టుకుంటానంది రిబ్కా. రెగ్యులేటరు పోతే అన్నాడతను. ఫ్యూజు ఉంటుందిగా అంది. ఫ్యూజు కాలటం ఆలస్యమైతే అన్నాడు.

రిబ్కా నడుం మీద చేతులు పెట్టుకుంది. "మీరు మా అమ్మ దగ్గర ట్యూషన్ చదువుకున్నారా?"

ఆ మాట కృపమ్మకి తగిలినా, తప్పు పట్టటానికి లేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఆవిడకి లోకమంతా ప్రమాదాలే. రైలెక్కితే పట్టాలు, బస్సెక్కితే కాలవ. అందుకే కూతురి వెంట వచ్చింది. ఎవరికి జలుబు చేసినా, ఏ గిన్నె పగిలినా "నాకు ముందే అనిపించింది" అంటుందని ఇంట్లో ఆవిడ మాటని తండ్రీ కూతురూ పాటలా పాడతారు. పక్కింటి ఏసమ్మకి ఫ్యాను షాక్ కొట్టిన నాటి నుంచి, తడిచేత్తో స్విచ్చు వైపు చూడనైనా చూడదు.

"బాబూ, ఈ పలక ముట్టుకుంటే పిల్లకేమన్నా అవుతుందా?" అని అడిగింది.

అతను నవ్వలేదు. గోడలో కరెంటు మనిషిని చంపేదేనని ఒప్పుకున్నాడు. కానీ లోపల ట్రాన్స్‌ఫార్మరు ఉంటే ఆ కరెంటు తీగా, పలకకి వెళ్ళే తీగా ఒకదాన్నొకటి తాకవు. ఐదు వోల్టులకి చేతికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఇనప పెట్టె, మూడు పిన్నుల ప్లగ్గు, వోల్టేజి పెరిగితే తను కాలిపోయి పలకని బతికించే ఫ్యూజు, అన్నీ పెట్టి తనే కట్టి ఇస్తానన్నాడు. కాస్త కూర్చోండి అన్నాడు.

అంతలో వాన పట్టుకుంది. కృపమ్మ స్టూలు మీద కూర్చుంది. రిబ్కా ఊరికే ఉండలేక బల్లకి అవతలికి వెళ్ళి తీగలు పట్టుకోసాగింది. అతుకు లావుగా ఉందని ఆ పిల్లా, తీగ వణుకుతోందని ఆ కుర్రాడూ మాటకి మాట అనుకుంటూనే ఉన్నారు. సోల్డరింగు పొగకి ఎవరికైనా కళ్ళు మూసుకుపోతాయి. రిబ్కావి మూసుకోవటం లేదు. కృపమ్మ గుండె ఒకసారి దడదడలాడింది.

ఏదన్నా తేడా వస్తే ఎక్కడికి రమ్మంటారని అతను అడిగితే, రేపల్లెలో తన తండ్రి యాకోబు మాస్టారి ఇల్లంటే ఎవరైనా చెప్తారని రిబ్కాయే చెప్పింది. తిరుగు రైల్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని, భట్టిప్రోలు దాటేదాకా అతన్ని తిడుతూనే ఉంది. ఇంతసేపు తిట్టాలంటే మనిషి ఎంత గుర్తుండాలి అని కృపమ్మకి ఇంకో భయం పట్టుకుంది.

మర్నాడు ఆదివారం. ఆరాధన నుంచి వచ్చిన దగ్గర్నుంచీ రిబ్కా పలక ముందే కూర్చుంది. ఇంట్లో మూడు బెజ్జాల గోడ ప్లగ్గు ఒక్కటే, అందులో టీవీ స్టెబిలైజరు ఉంది కాబట్టి పెట్టెని దానికే తగిలించింది. సాయంత్రం వాన మొదలవగానే ఆరేసిన బట్టల కోసం దొడ్లోకి పరిగెత్తింది.

ఆ సమయానికి వీధి చివర రైసుమిల్లు తిరుగుతుంది. ఇళ్ళల్లో బల్బులు గుమ్మడిపువ్వు రంగుకి దిగుతాయి. పలక మీద అంకెలు మినుకుమినుకుమన్నాయి. పిల్ల కష్టం పోతుందేమోనని కృపమ్మ భయపడింది. రోజూ టీవీకి చేసే పనే చేసింది. వోల్టేజి పెరిగేలా స్టెబిలైజరు మీట చివరిదాకా తిప్పింది.

అంకెలు నిలబడ్డాయి. హమ్మయ్య అనుకునేలోపు మిల్లు ఆగింది. బల్బు తెల్లగా భగ్గుమంది. పెట్టెలో టప్‌మని చప్పుడు. అంకెలు లేవు.

రిబ్కా తడిబట్టలతో గుమ్మంలో ఆగిపోయింది.

"నేనే తిప్పానమ్మా," అంది కృపమ్మ.

ఆ పిల్ల తిట్టలేదు. ప్లగ్గు పీకి, చల్లారిన పలక ముందు కూర్చుంది. తిట్టినా బాగుండేదనిపించింది తల్లికి. ప్రభువా, ఆ పలక బతికుంటే చాలు, ఇంకేమీ అడగను అనుకుంది.

అప్పుడే గేటు చప్పుడైంది. గొడుగున్నా మోకాళ్ళదాకా తడిసిపోయి, చేతిసంచితో ఎజ్రా నిలబడి ఉన్నాడు.

"వందనాలండి. నిన్న ఎర్తు సంగతి అడగటం మర్చిపోయాను. మీ ఇంట్లో మూడో పిన్ను నుంచి భూమిలోకి తీగ ఉందో లేదోనని నిద్ర పట్టలేదు. పాసింజరెక్కి వచ్చేశాను."

కృపమ్మ జరిగిందంతా చెప్పింది. అతను ముందు స్టెబిలైజరు మీట వెనక్కి తిప్పి, పెట్టె మూత తీశాడు. ఫ్యూజు నల్లగా మాడి ఉంది. మూత లోపలివైపు టేపుతో అంటించి ఇంకో ఫ్యూజు ఉంది.

"ఇదెప్పుడు పెట్టారు?" అంది రిబ్కా.

"నిన్ననేనండి. ఇలాంటిదేదో అవుతుందని నాకు ముందే అనిపించింది."

తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రిబ్కా పెదవి కొరుక్కుని కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో తెలియలేదు.

అతను కొత్త ఫ్యూజు వేశాడు. పలక తగిలించకుండా ముందు మీటరు పెట్టి చూశాడు. ముల్లు ఐదు దగ్గర నిలిచింది. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాతే పలక తగిలించాడు.

ఎర్రటి అంకెలు వెలిగాయి.

కృపమ్మ ఉన్నచోటే చతికిలబడి "స్తోత్రం" అంది. ఆ తర్వాత ఎజ్రా గోడ ప్లగ్గు విప్పి చూస్తే మూడో బెజ్జానికి తీగే లేదు. ఇన్నేళ్ళూ అది ఉత్త బెజ్జమే. వచ్చే శనివారం వచ్చి దొడ్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తు కడతానన్నాడు.

రిబ్కా తువ్వాలు అందిస్తూ అడిగింది. "ఎర్తు కోసమేనా వచ్చింది?"

అతను కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఎర్తు కోసమే అయితే కార్డు ముక్క రాసేవాణ్ణండి."

రిబ్కా చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. అందుకోవటం అతనూ మర్చిపోయాడు.

కృపమ్మకి ఆశ్చర్యంగా, గుండె దడదడలాడలేదు. దూకుడు పిల్ల, దీన్ని ఎవరు కనిపెట్టుకుని ఉంటారా అని ఇన్నేళ్ళూ పడిన బెంగ, మూత తీసినంత తేలిగ్గా పోయింది. తనకన్నా ముందు భయపడేవాడు దొరికాడు. మాస్టారితో తనే మాట్లాడాలి.

గేటు దాకా వెళ్ళి అతన్ని సాగనంపుతూ, కాలవ గట్టు మీద నడవొద్దనీ, రైల్లో తలుపు దగ్గర నిలబడొద్దనీ చెప్పింది. అన్నిటికీ బుద్ధిగా తలూపాడు.

"శనివారం మీ అమ్మగార్ని కూడా తీసుకురా బాబూ. మాట్లాడుకోవాలి."

ఎజ్రా మొహం వెలిగింది. వెంటనే ఆ వెలుగు కాస్త తగ్గింది. "తప్పకుండానండి. కాకపోతే మా అమ్మకి రైలంటే భయం."

"నాకు ముందే అనిపించింది," అంది కృపమ్మ.