నర్సమ్మకు గొంగడి కప్పుండ్రి

డోర్నకల్ల మా రైలు గేటు కాడ పొద్దుగూకినంక బండి ఆపకుండ్రి అంటరు. గేటు పడితే ఏం జేస్తవు, ఆపక తప్పది. గాని ఎడమదిక్కు సూడద్దు... ఎవలన్న పిలిస్తే పలుకద్దు. తండాకు పోయేటోళ్లు, కూలికి పోయొచ్చేటోళ్లు, టేషన్ల దిగి నడిశిపోయేటోళ్లు, అందరిది గదే మాట.

ఎడమదిక్కున ఉన్నది మా ఇల్లే.

రెండర్రల పెంకుటిల్లు. ముంగట కానుగ చెట్టు. నా పెనిమిటి రైలు పట్టాల పని చేసుకుంట కట్టిండు. నా కొడుకు నగేష్ పుట్టింది అండ్లనే. పోయింది సుత అండ్లనే.

మీరందరు గా జర్మనీ ఆట ఆడేటోళ్లంట గద బిడ్డా. నగేష్ దోస్తు సాయికుమార్ చెప్పిండు. "అవ్వా, గేటు కాడి ఇంటి ముచ్చట మావోళ్లకు నీ నోటితోనే చెప్పు, ఫోన్ల మాట్లాడు సాలు" అన్నడు. నాకు సదువు రాదు. నోరొక్కటే ఉన్నది. ఇనుండ్రి.

వానకాలంల జరమొచ్చింది నగేష్‌కు. మానుకోటల వాని కంప్యూటర్ రిపేరు దుకాణం ఉండె, ఆడికెల్లి వణుక్కుంటనే వచ్చిండు. దవాఖానల సూపిచ్చినం, సూదులేశిన్రు, ఇంటికి తెచ్చినం. తెల్లారేదాక ఉండలే.

పోయిన గడియ మంచిది కాదన్నడు అయ్యగారు. గసుంటప్పుడు మా దిక్కు ఇల్లు ఇడిసిపెడ్తరు. ఆరు నెలలు. దీపం పెట్టద్దు, పొయ్యి ముట్టియ్యద్దు, లోపటి సామాను బయటికి గుంజద్దు. దర్వాజకు తుమ్మకంప అడ్డమేస్తరు. గడువు దీరకముందే మనిషి కాలు వెడితే... ఆ ఇంటికెల్లి ఇంకో పానం లేస్తదంటరు.

నేను కురవిల మా చెల్లె ఇంటికి పోయిన.

కంపేశిన ఇంటికి పేరొచ్చుడు ఎంతసేపు? ఇంటెనుక ఎవలో దగ్గినట్టయిందని ఒకామె అన్నది. కిటికి అవుతల మనిషి నిలవడ్డడని ఇంకొకాయన అన్నడు. దెయ్యమన్నా నా కొడుకే గద... ఏమని కొట్లాడుదు?

ఇగ చత్రు ముచ్చట. వాడు గేటు అవుతలి తండా మనిషి. ఆటో నడుపుతడు, పెండ్లాం పిల్లలున్నోడు, ఉత్త మాట మాట్లాడడు. వాడు చెప్పిందే నేను చెప్తున్న.

సలికాలం నడుస్తుండె. రాత్రి బండికి దిగినోళ్లను ఎక్కడెక్కడనో దింపి, ఒక్కడే తండాకు మర్లుతుండట. సక్కగ గేటు కాడికొచ్చెటాలకు గేటు పడ్డది.

గూడ్సు బండి. అది వచ్చేదున్నదో, రానిదున్నదో... సప్పుడు లేదు.

ఎడమదిక్కు సూడద్దనుకున్నడు. సూడలే. బీడీ ముట్టిచ్చిండు. గాలి ఆర్పింది. మల్ల ముట్టిచ్చిండు.

మా ఇంటి కిటికి సందుల... నీలం ఎలుగు.

దీపం ఎలుగు గాదట. మిణుకు మిణుకుమనుకుంట, మంచు మీద ఎన్నెల పడ్డట్టు ఉన్నదట. కంప కంప తీర్గనే ఉన్నది. తాళం తాళం తీర్గనే ఉన్నది. లోపట ఎలుగు.

ఆటోల ఎనుకకు తిరుగుదామంటే ఎనుక లారీ ఆగి ఉన్నది. దిగి ఉరుకుదామంటే ఆటో ఇడిశిపెట్ట బుద్ధిగాలే.

అప్పుడు ఇనొచ్చింది—

"సలి... మస్తు సలి..."

మొగ గొంతు. మెల్లగ, పక్కపొంటి మనిషికి చెప్పినట్టు.

"నర్సమ్మకు జరమొచ్చింది."

చత్రు చేతులకెల్లి బీడీ జారింది.

"తెల్లారేదాక ఉండది..."

గప్పుడే గూడ్సు వచ్చింది. డబ్బా ఎనుక డబ్బా, డబ్బా ఎనుక డబ్బా. భూమంత అదురుతుంది. ఏం ఇనొస్తలేదు. ఇగ పోతది, గేటు లేస్తది, నేను బతికిన అనుకున్నడు. ఆఖరి డబ్బా పోయింది. ఎర్రలైటు దూరమైంది. ఒక్కసారే సప్పుడు ఆగింది.

ఆ సప్పుడు లేని కాడ...

"గొంగడి కప్పుండ్రి. నర్సమ్మకు గొంగడి కప్పుండ్రి."

గేటు లేశిందో లేదో, ఆటో ఎట్ల ఉరికిచ్చిండో వానికే ఎరుకలేదు.

నర్సమ్మ అంటే నేనే. అసలు పేరు బాలనర్సమ్మ. ఊరంత నర్సమ్మ అనే పిలుస్తరు.

మా చెల్లె ఇంట్ల ఫోను మోగింది. నేనే ఎత్తిన. నాకు నిద్రేడిది?

"నర్సవ్వ ఉన్నదా?"

"నేనే. ఎవలు?"

"నేను చత్రును. నువ్వు... నువ్వేనా?"

"నేను గాక మీ అత్తనా? గింత రాత్రి ఏందిరా?"

వాడు ఏడ్శినంత పని చేసిండు. "అవ్వా, నీ పానం మంచిగున్నదా? జరం గిన వచ్చిందా?"

ఇగ ఒక్కొక్కటి చెప్పిండు. నేను మెడ మీద చెయ్యి పెట్టి సూసుకున్న. ఎచ్చగనే ఉన్నట్టనిపిచ్చింది.

"ఆటో తీస్కొని రా" అన్న.

"ఏడికవ్వా?"

"ఇంటికి."

మా చెల్లె లేశి కొంగు వట్టుకున్నది. "అక్కా, గడువు దీరలే. నువ్వు కాలు వెడితే నిన్నే తీస్కపోతడు."

"తీస్కపోనీ. సలి పెడ్తుందన్నడట."

"వాడు లేడక్కా!"

"లేనోనికి సలెందుకు పెడ్తది?"

అది కొంగు ఇడిశిపెట్టింది. ఇద్దరం ఏడ్సినం. చత్రు వచ్చిండు, నేను ఆటో ఎక్కిన. పోతే పోత, కొడుకు దగ్గరికే గద అనుకున్న. ఇంకో తీర్గ అబద్ధమెందుకు చెప్పాలె.

గేటు కాడ ఆటో ఆపిండు.

ఎలుగున్నది.

"కంప తియ్యిరా" అన్న.

"నీ కాలు మొక్కుత, నేను ముట్టనవ్వా. ఈడనే ఉంట. నువ్వు కేకేస్తే వస్త... వస్తనో రానో ఎరుకలేదు గని, ఉంట."

నేనే గుంజిన. తుమ్మముల్లు అరచేతుల దిగింది. కొంగుకు కట్టిన తాళంచెవి తీస్తుంటే నెత్తురుకు జారుతుంది. తాళం ఊడింది. తలుపు కిర్రుమన్నది.

గడప మీద కాలు వెట్టిన.

లోపట... వాని బల్ల ముంగట... నీలం ఎలుగుకు అడ్డంగ మనుషులు. ఒక్కరు గాదు, ఇద్దరు. మెడలు ముంగటికి వంచి, కట్టె తీర్గ కూసున్నరు. నా కొడుకు అట్లనే కూసునేటోడు.

"నగేషా..." అన్న.

అంతే. ఒకడు కుర్చీతోని ఎల్లెలుకల పడ్డడు. ఇంకోడు "అమ్మా" అని బల్ల కిందికి దూరిండు.

"అవ్వా! నేనే అవ్వా, సాయికుమార్‌ను! భూపాలపల్లి సాయిని! వీడు జనగాం రాజీవ్. కొట్టకు!"

ఏడ మొదలు ఏడ్వాలె, ఏడ మొదలు నవ్వాలె? నగేష్ దోస్తులు. వాళ్ల ఆటే, మీ ఆటే, అండ్లనే కలిసిన దోస్తులు. వాళ్లు బొగ్గుబాయిల పని ఇడిశి ఒకడు, కొలువు ఇడిశి ఒకడు పండుగలకు మా ఇంటికొచ్చి, నేను వెట్టిన అన్నం తిని, తెల్లార్లు ఆడేటోళ్లు.

"దొంగల లెక్క దూరిన్రేందిరా?"

"ఎనుక తలుపుకు ఇంకో తాళంచెవి దుకాణంల ఉండె అవ్వా" అన్నడు రాజీవ్, బల్ల కిందికెల్లి ఎల్లుకుంట. "నిన్ను అడుగ ముఖం లేకుండె. గడువు దీరినంక పోయినోని సామాను ఎవలకో ఇచ్చేస్తరు గద... కంప్యూటర్ పోతది. అండ్ల ఆటల నగేష్ నడిపిచ్చినోళ్లు మంచుల ఇరుక్కొని ఉన్నరు. ఇడిశిపెట్ట బుద్ధిగాలే. ఒక ఊరు చేర్చి పోదామని వచ్చినం."

గప్పుడు చెప్పిన్రు నాకు. మీకెరుకే. జర్మనోళ్లు ఎన్నడో చేసిన ఆట, ఒకటెనుక ఒకటి మూడు. గుట్టలెంబడి నడుసుడే నడుసుడు. చెప్పులరిగితయి. నీళ్లు మరిశిపోతే సస్తరు, కప్పుకునేది మరిశిపోతే జరమొస్తది. రాత్రి కావలి ఉండకుంటే తోడేళ్లు పడ్తయి. ఏది జరిగినా తెర మీద రాసొస్తది.

"గిదేం ఆటరా? మా బతుకే గిట్లుండె. దీనికోసం జర్మనీ దాక పోవాల్నా?"

"ఇప్పటి ఆటలల్ల సచ్చినా లేస్తరవ్వా" అన్నడు సాయి. "గీండ్ల పోతే పోయినట్టే. అందుకే ఒక్కొక్కల మీద పానం ఉంటది."

"మరి నర్సమ్మ ఎవలు?"

వాడు తెర మీద ఏలు వెట్టి సూపిచ్చిండు. తెల్లటి మంచుల గింతంత మనిషి. "నువ్వే అవ్వా. మందులిచ్చే ఆమెకు నగేష్ నీ పేరే వెట్టిండు. నువ్వు లేకుంటే ఎవలం బతుకమని."

"పొట్టిగ చేసిండు" అన్న. ఇంకేమనాలె? "పానంతోనే ఉన్నదా?"

"ఉన్నదవ్వా. పోయేదే. కప్పుకునేది మూటలనే మరిశినం. కప్పంగనే నిమ్మళమైంది."

గడప అవుతలికెల్లి చత్రు మూతి లోపటికి వెట్టిండు. వానికి ఇప్పుడు ధైర్యమొచ్చింది. "ఏం సాయన్నా, పానం తీస్తివి గదనే! నర్సమ్మకు జరమొచ్చింది, గొంగడి కప్పుండ్రి అని అంతగనం చదువుడా? ఆటోల తడిశిపోయిన!"

నేను నవ్విన. కొడుకు పోయినంక అదే మొదటి నవ్వు.

వాళ్లు నవ్వలే.

"చదివింది రాజీవ్" అన్నడు సాయి.

రాజీవ్ వాని దిక్కు సూసిండు. "నేనా? నువ్వు గదరా."

"పరాచకాలొద్దు. నీ మాట ఇనే గద నేను కప్పిన."

"నీ మాట ఇని నేను ఊకున్న. నా ఎడమదిక్కుకెల్లే ఇనొచ్చింది..."

రాజీవ్‌కు ఎడమదిక్కు గోడ ఉన్నది. గోడకు నగేష్ మంచం.

"ఎవలైతేంది, ఎవలో ఒకలు చదివిన్రు" అన్న నేను. "ఆడ రాశే ఉన్నది గద."

సాయికుమార్ పెదవులు తడుపుకున్నడు. "అవ్వా... ఆడ రాశింది జర్మనీ భాష. మా ఇద్దరికి ఒక్క ముక్క రాదు. ఎన్నడు ఆడినా నగేషే చదివి చెప్పేటోడు, మేం ఒత్తేటోళ్లం. ఫోన్ల చూసుకుందమంటే, మోగితే మంది లేస్తరని రెండూ బంద్ జేశినం. పొద్దుగూకినప్పటిసంది అందాజాగనే నడుపుతున్నం..."

చత్రు మూతి గడప మీదికెల్లి మాయమైంది. ఆటో సప్పుడు ఇనొచ్చింది.

తెర మీద ఇంకో ముక్క లేశింది. ఇద్దరు దాని దిక్కే సూస్తున్నరు. ఒక్కలు నోరు తెరుస్తలేరు.

నేను పోయి మంచం మీద, కొద్దిగ జాగ ఇడిశి కూసున్న.

"తలుపు దగ్గరికెయ్యిరా సాయీ" అన్న. "సలిగాలి కొడ్తుంది. పిలగాడు పండుకున్నడు."