ఖాళీ గది లైసెన్సు

ఆ రోజు ఇంట్లో అమ్మ, నాన్నమ్మ, తమ్ముడు, గోరింక, ఐదు పిల్లులు ఉన్నారు. నాన్న పనికి వెళ్ళాడు. గోరింక అంటే పక్షి కాదు, ఐదో తరగతి పిల్ల. నోరు మూయదని నాన్నమ్మ పెట్టిన పేరు అది.

పిల్లులు కూడా ఇంటివి కావు. ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు తమ పిల్లుల్ని అమ్మ దగ్గర వదిలి వెళ్తారు. వాటిని చూసుకోవడమే అమ్మ వ్యాపారం. దానికి లైసెన్సు ఉంది. ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు. ఒక్కో పిల్లికి ఒక్కో చిన్న గది ఉండాలని అందులో రాసి ఉంది. అందుకే వెనక వరండాలో జాలీ తలుపులతో ఐదు గదులు కట్టించారు. జబ్బు చేసిన పిల్లి కోసం ఇంకో గది ఎప్పుడూ ఖాళీగా ఉండాలని కూడా రాసి ఉంది. దాన్ని వరండా చివర వదిలేశారు.

ఆ ఖాళీ గదిని చూస్తే గోరింకకు ఒళ్ళు మంట.

"పిల్లికో గది. ఎవరూ లేనిదానికో గది. నాకేమో సగం మంచం," అని సణిగేది. మిగతా సగంలో తమ్ముడు నిద్రలోనే ఫుట్‌బాల్ ఆడేవాడు.

అంతకన్నా ఎక్కువ మంట తెల్ల పిల్లి మీద. అమ్మ దాన్ని "బంగారం" అని పిలుస్తోంది. నిన్నమొన్నటిదాకా ఆ మాట గోరింకది.

ఆ ఉదయం బడికి సెలవు. అమ్మ గిన్నెలు కడుగుతుంటే గోరింక చప్పుడు కాకుండా ఖాళీ గదిలోకి కాపురం మార్చేసింది. దుప్పటి, పుస్తకాలు, రంగురాళ్ళ డబ్బా అన్నీ చేరాయి. చివరికి ఒక కాగితం రాసి గోడకు అంటించింది.

"లైసెన్సు. ఈ గది గోరింకది. పిల్లులకూ తమ్ముళ్ళకూ ప్రవేశం లేదు. గడువు: ఎప్పటికీ."

పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ మేడమ్ వచ్చింది. అమ్మ లైసెన్సు గడువు మర్నాటితో అయిపోతుంది. మళ్ళీ ఇవ్వాలంటే ఆవిడ అన్నీ చూసి సంతకం పెట్టాలి. నీళ్ళ గిన్నెలు చూసింది. రిజిస్టరు తిరగేసింది. అంతలో తెల్ల పిల్లి తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. దాని కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"దీన్ని ఎక్కడ ఉంచుతారమ్మా?"

"విడిగా గది ఉంది మేడమ్. ఎప్పుడూ ఖాళీయే," అంటూ అమ్మ ధీమాగా తలుపు తీసింది.

లోపల దుప్పటి మీద గోరింక కూర్చుని ఉంది. మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని గోడ మీది కాగితం మొత్తం చదివింది. "గడువు ఎప్పటికీ అట. నేను కూడా ఇంత ధారాళంగా ఇవ్వనే," అంది.

ఎవరూ నవ్వలేదు.

"గది లేకపోతే సంతకం కుదరదమ్మా. పిల్లులన్నిటినీ ఇవాళే పంపించెయ్యాలి. పక్క వీధిలో పక్షుల షాపు చూసి గంటలో వస్తాను, అప్పటికి గది ఖాళీ అయితే చూద్దాం."

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది గోరింకకు. బూడిదరంగు పిల్లి జాలీలోంచి తెల్ల పిల్లి వైపు ముక్కు చాపుతోంది. అమ్మ తెల్ల పిల్లిని ఎత్తుకుని అటూ ఇటూ చూసింది. దించడానికి చోటు లేదు.

గోరింక నోరు మెదపకుండా సామానంతా ఎత్తేసింది. సబ్బు నీళ్ళతో నేల రెండుసార్లు తుడిచింది. గోడ మీది కాగితం పీకి, వెనక్కి తిప్పి ఏదో రాసింది.

ఈలోగా అమ్మ పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది. అది పిల్లుల జలుబట, మనుషులకు అంటదట. సాయంత్రం వస్తానన్నాడు.

మేడమ్ తిరిగొచ్చి గది చూసింది. "బాగుంది. కానీ ఇందులోకి వెళ్ళినవాళ్ళు మిగతా పిల్లుల్ని ముట్టుకోకూడదు. దీని దగ్గర ఎవరుంటారు?"

అమ్మ మిగతా నాలుగింటినీ చూసుకోవాలి. "నేనుంటే పిల్లి కన్నా నేనే ఎక్కువ తుమ్ముతాను," అంది నాన్నమ్మ.

గోరింక కాగితం అందించింది. "జబ్బు: తుమ్ములు. చూసుకునేవారు: గోరింక."

"డాక్టరు వచ్చేదాకా బయటికి రాకూడదే. ఉండగలవా?" అంది అమ్మ.

"ఉంటానమ్మా."

మేడమ్ రిజిస్టరులో సంతకం పెట్టింది.

గోరింక తన దుప్పటి మడత పెట్టి తెల్ల పిల్లి కింద పరిచింది. తను వట్టి నేల మీద కూర్చుంది.

"జాగ్రత్త బంగారం," అంది అమ్మ గుమ్మంలోంచి.

పిల్లా, పిల్లీ ఒకేసారి తలెత్తారు. ఎవరిని అన్నావని గోరింక అడగలేదు. పిల్లి వీపు నిమురుతూ సరేనన్నట్టు తలూపింది.

అమ్మ తలుపు మూసింది.