నాలుగేళ్ళ గ్యారంటీ

మొన్నటి చలికాలం మా ఇంట్లో దీపం కూడా దుప్పటి అడిగింది. నమ్మకపోతే ఆ దీపాన్నే అడగండి. అంతటి చలికి మా మనవడు ప్లాస్టిక్ షీటు కప్పి కట్టిన పాలీహౌస్‌లో పూలమొక్కలన్నీ నల్లబడి కూర్చున్నాయి.

ఈసారి కొత్త షీటు కప్పుదామని వాడు షీట్ల కంపెనీకి ఫోన్ చేశాడు. స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చి దిగింది. భుజాన సంచి, సంచి నిండా ప్లాస్టిక్ శాంపిల్ ముక్కలు. మా కప్పు చూడగానే మూతి ముడిచింది.

“ఎవరండీ ఇంత మందపు షీటు ఒంటిపొరగా కప్పింది?”

“నేనే” అన్నాడు మావాడు. “మందంగా ఉంటే చలి ఆగుతుందిగా!”

“ఆగిందా మరి? పల్చటివి రెండు కప్పి, మధ్యలో గాలి నింపాలండీ. ఆ గాలే దుప్పటి.”

“గాలి దుప్పటా? భలే చెప్పారు గాలి కబుర్లు!”

“మీ మాటల్లో ఉన్న గాలి చాలు, ఎకరం కప్పొచ్చు.”

మావాడి చెవులు పండుమిరపకాయలయ్యాయి. నేను నవ్వాపుకోలేక దగ్గాను.

ఆ తరవాత చూడాలి వాడి వేషాలు! గంటలో తేలే పనిని నాలుగు రోజులు సాగదీశాడు. వెలుతురు ఎక్కువ రానిచ్చేది ఏది, ఎండకు పెళుసెక్కనిది ఏది అంటూ ప్రతి ముక్కనీ పైకెత్తి, అందులోంచి చూసేవాడు. అవతల ఆ అమ్మాయి నిలబడి ఉండేది మరి.

ఐదోరోజు ఆమే తేల్చేసింది. “పైన ఎండకు ఆగే షీటు, లోపల నీటిబొట్టుని మొక్కల మీద పడనివ్వకుండా పక్కకి జార్చేది. ఇంక మారుమాట్లాడారంటే నేను రాను!”

వాడు చప్పున తలూపాడు.

పనివాళ్ళు రెండు పొరలూ బిగించారు. బయట గోడకు చిన్న బ్లోయర్ పెట్టి స్విచ్చి వేస్తే, కప్పు పాలు తాగిన దూడ పొట్టలా ఉబ్బింది.

“ఎన్నాళ్ళుంటుందమ్మా?” అన్నాను.

“నాలుగేళ్ళు గ్యారంటీ తాతగారూ! అప్పటిదాకా నాతో పనే ఉండదు.”

కప్పులోకి గాలి ఎక్కింది, మావాడిలోంచి దిగిపోయింది.

మూడోనాడు వాన. పాపం ఆ బ్లోయర్ తడుస్తోందని జాలిపడి, నేనే ఊడదీసి లోపలివైపు బిగించి, పైన నా తువ్వాలు కప్పాను. మర్నాటికి రెండు పొరల మధ్యా మంచు కమ్మి, బొట్లు బొట్లుగా నీళ్ళు! ఫోన్ వెళ్ళింది. ఆ పిల్ల వానలోనే వచ్చింది.

“దీన్ని లోపలెవరు పెట్టారు? మొక్కల తడి ఊపిరంతా పీల్చి పొరల మధ్యకి తోస్తోంది. దీనికి బయటి చల్లగాలే కావాలి.”

నేను నోరు తెరిచేలోగా, “నేనేనండీ, తెలియక” అన్నాడు మావాడు.

ఆమె తువ్వాలు తీసి, మడిచి, నా చేతిలో పెట్టింది. “అవునవును, మీరే” అంటూ వాడి వంక ఒక చూపు చూసింది. ఆ చూపుకి వాన కూడా ఒక్క క్షణం ఆగింది. నేను కళ్ళారా చూశాను.

బ్లోయర్ బయట బిగించి వెళ్ళిపోయింది.

వారం తిరిగిందో లేదో, కప్పులో మళ్ళీ మంచు. బ్లోయర్ మళ్ళీ లోపల! ఒట్టు, ఈసారి నేను కాదు. ఎవరా అనుకుంటూ ఉండగానే స్కూటీ చప్పుడు. సంచి లేదు, చేతిలో స్క్రూడ్రైవర్ ఒక్కటే.

“ఇంకా ఫోన్ చెయ్యలేదే!” అన్నాడు మావాడు.

“చేస్తారని తెలుసు. ఈసారి మార్చిందెవరు?”

“తాత.”

“మరి తువ్వాలేదీ?”

నా తువ్వాలు నా భుజానే ఉంది. మావాడు నేలచూపులు చూశాడు. చివరికి, “నాలుగేళ్ళు ఆగలేనండీ” అన్నాడు.

“ఆ ముక్క ముందే చెప్పి ఉంటే మొక్కలకి ఈ తిప్పలు తప్పేవిగా!” అని స్క్రూడ్రైవర్ వాడి చేతిలో పెట్టింది. “ముందు అది బయట బిగించండి. ఆదివారం మా నాన్న ఇంట్లోనే ఉంటారు. తాతగారిని తీసుకురండి.”

“ఆదివారం దాకా ఎందుకమ్మా?” అని నేను అప్పుడే చెప్పులు వెతుక్కున్నాను.

ఆ తరవాతి చలికాలం మా పూలు ఒక్కోటీ గొడుగంత పూశాయి. నమ్మకపోతే మా మనవరాలినడగండి. అవును, ఇప్పుడు ఆ పిల్ల మా మనవరాలే. బ్లోయర్ దరిదాపులకు మాత్రం నన్ను ఇప్పటికీ రానివ్వదు.