వదిలిన వేళ్లు

"కోటకొమ్మ అంచు, తెల్ల చీర ఉందా?"

"తెల్లది అయిపోయింది. మబ్బు రంగుంది. పైకి రండి."

గద్వాలలో ఆ చీరల దుకాణం మేడ మీదికి పోవడానికి కోడ్ అది. జీషాన్ మెట్లెక్కాడు. పైన తెల్ల పరుపు మీద చీరల మధ్య దశరథం కూర్చుని ఉన్నాడు. చూసేవాళ్లకు ఆయన కూతురి పెళ్లికి చీరలు కొనడానికొచ్చిన తండ్రి. నిజానికి గూఢచారి సంస్థ దక్షిణ విభాగానికి చీఫ్.

"కూర్చో. టైమ్ లేదు. నల్లమల కొండ మీద పెట్టబోయే రాడార్ ఇవాళ మధ్యాహ్నం కోడేరు మీదుగా పోతుంది. ఆర్మీ కాన్వాయ్. దాన్ని పేల్చడానికి సరిహద్దు అవతలి ముఠా ఒక లారీ సిద్ధం చేసింది. పైన ఎడ్లు, కింద పేలుడు మందు. పెబ్బేరు సంత నుంచి పోయే లారీల్లో అదొకటి."

"కాన్వాయ్ ఆపేస్తే?"

"డ్రైవర్ లారీని దగ్గరలోని బస్టాండుకు తిప్పుతాడు. అతనికిచ్చిన ఆర్డర్ అది. చెక్‌పోస్టు కనిపించినా అంతే. నంబర్ తెలిస్తే ఆ ఒక్క లారీని, వాడి చెయ్యి స్విచ్ మీదికి పోకముందే పట్టుకోవచ్చు."

"నంబర్ ఎవరికి తెలుసు?"

దశరథం ఫోన్‌లో ఫొటో చూపించాడు. నల్ల కళ్లద్దాలు, గాలికి ఎగురుతున్న జుట్టు, కెమెరాను ఓడించినట్టు నవ్వు. "ముబషిరా. దుబాయ్ యూట్యూబర్‌నని చెప్పుకుంటుంది. వాళ్ల ఏజెంట్. ఏడాదిగా మన ఏజెంట్ కూడా."

"ఎవరి మనిషి ఎక్కువ?"

"అది ఆమెకైనా తెలుసో లేదో. ఆమె బట్టల్లో వాళ్ల మైక్ ఉంటుంది. పక్కనే కెమెరామన్ వేషంలో వాళ్ల మనిషి, అరుణ్ అని పేరు పెట్టుకున్నాడు. ఆమె నోరు విప్పడానికి లేదు. రాసివ్వడానికి లేదు. ఒక్క దారి ఉందని, నంబర్ తనకు తెలియకముందే కబురు పంపింది. తువ్వాల కింద చెప్తానంది."

జీషాన్ తల ఎత్తాడు.

"అదేమిటో నాకర్థమయ్యేట్టు చెప్పు," అన్నాడు దశరథం.

జీషాన్ ఆయన కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని పైన చీర కొంగు కప్పాడు. "సంతలో ఎడ్ల ధర నోటితో చెప్పరు సార్. దళారులు తువ్వాల కింద వేళ్లు పట్టి చెప్పుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి. రెండు పడితే రెండు. ఐదు వేళ్లూ కలిపి పడితే పూర్తి ధర, బేరం కుదిరినట్టు."

"ఐదంటే మంచిదన్న మాట."

"అంతకు మించి లేదు సార్."

దశరథం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నిన్ను ఆమే అడిగింది. పెబ్బేరు మహబూబ్ మనవడిని పంపండి అంది. ఎందుకని అడగకు."

తన తాత పేరు ఆఫీసులో వినపడడం జీషాన్‌కు అదే మొదటిసారి. మహబూబ్ పెబ్బేరులో ఎడ్ల దళారి. డెబ్బై ఒకటి యుద్ధానికి ముందు సంస్థ అతన్ని పశువుల వ్యాపారి వేషంలో ఎడారి సరిహద్దు దాటించింది. అవతల ట్యాంకులు ఎన్నున్నాయో చూసి రావాలి. అతను తిరిగి రాలేదు. సంస్థ తనకేమీ తెలియదంది. ఊరు మాత్రం తెలిసినట్టే మాట్లాడింది. బావి దగ్గర, రేషన్ షాపు దగ్గర, మసీదు గల్లీలో అతని భార్య, జీషాన్ నానమ్మ మున్నీబీని 'పాకిస్తానోని పెండ్లాం' అన్నారు. ఆమె ఎవరికీ బదులివ్వలేదు. భర్త యుద్ధంలో చచ్చిపోయాడని ఆమె నమ్మకం. ఏటా అతని పేర ఫాతెహా చదివించింది. కొడుకును పెంచింది, మనవడిని పెంచింది. తాత ఫైలున్న ఆఫీసులోనే మనవడు ఉద్యోగం సంపాదించాడు. ఆ ఫైలు మాత్రం ఇంతవరకు చూడలేదు.

"పని అయ్యాక తాత ఫైలు తెరవండి సార్. ఆయన పారిపోలేదని దాదీకి ఒక్క మాట చెప్పాలి. వనపర్తి దవాఖానలో ఉంది. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు."

దశరథం చీర మడత సరిచేశాడు. "పని కానీ."

*

పెబ్బేరు సంత దుమ్ముతో, అరుపులతో నిండిపోయి ఉంది. జీషాన్ లుంగీ కట్టి, భుజాన తువ్వాల వేసి, చేత ముల్లుగర్ర పట్టుకున్నాడు. ముల్లుగర్ర పిడిలో కెమెరా. చెవిలో పల్లీగింజంత ఇయర్‌పీస్. అందులో పద్మజ గొంతు వినబడుతోంది. కోడేరు దగ్గర కమాండో టీమ్‌కు ఆమె లీడర్.

అతని పక్కన వెంకటన్న ఉన్నాడు. ఇతను నిజమైన దళారి, మహబూబ్ దోస్తు కొడుకు. జీషాన్ ఎందుకు వచ్చాడో అడగలేదు. తోడు నిలబడ్డాడు.

ముబషిరా వచ్చేసరికి సంత సగం ఆమె వెనకే వచ్చింది. ఎర్ర కుర్తా, నల్ల కళ్లద్దాలు. వెనక కెమెరా పట్టుకున్న అరుణ్, అడుగు దూరం కూడా వదలకుండా.

"ఏందమ్మా, ఎడ్లు కొంటవా, వీడియో తీసుకొని పోతవా?" అన్నాడు వెంకటన్న.

"ధర కుదిరితే కొంట," అందామె.

"తువ్వాల కింద ఆడోళ్లు చెయ్యి పెట్టరు బిడ్డా. నీ పెనిమిటిని పిలువు."

"పెనిమిటి కూడా ఇక్కడనే దొరుకుతడా? ఏం ధర?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. అరుణ్ కూడా నవ్వాల్సి వచ్చింది. ఆమె జీషాన్ వైపు తిరిగి చెయ్యి చాపింది. "జర చెయ్యి ఇయ్యన్నా. గిట్లనే గదా?"

దుబాయ్ పిల్లకు పాలమూరు మాట ఎక్కడిది? జీషాన్ ఆ ప్రశ్నను పక్కన పెట్టి తువ్వాల కప్పాడు.

ఆమె చేతివేళ్లు చల్లగా ఉన్నాయి. ముందు అతని అరచేతిని బోర్లించి కిందికి మర్లేసింది. అలవాటు లేక అట్లా పట్టిందనుకున్నాడు. తర్వాత నాలుగు వేళ్లు పట్టింది. వదిలింది. ఒకటి. మూడు. రెండు. చివర అతని అరచేతిని ఒకసారి గట్టిగా నొక్కింది. లెక్కలో లేని నొక్కు అది.

"గిట్టదు," అంది నవ్వుతూ. కళ్లద్దాల వెనక ఆమె కళ్లు అతనికి కనిపించలేదు.

ఆమె పోగానే జీషాన్ బీడీ ముట్టించుకున్నట్టు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "పద్మజా, నంబర్ నాలుగు ఒకటి మూడు రెండు."

ఆ నంబర్ లారీ ఒకటి నిజంగానే ఉండడం వాళ్ల ఖర్మ. కొత్తకోట దాటాక దొరికింది. ఆపారు, డ్రైవర్‌ను దింపి పడుకోబెట్టారు, లారీ అంతా తవ్వారు. లోపల దూడలు, ఎండుగడ్డి, డ్రైవర్ సద్దిమూట. ఇంకేం లేవు. రోడ్డు మీద ఎవరో సెల్‌ఫోన్‌తో వీడియో తీశారు. అది అందరి ఫోన్లకూ చేరింది. అరుణ్ ఫోన్‌కు కూడా.

కాసేపటికి ఇయర్‌పీస్‌లో పద్మజ గొంతు మారింది. "సార్... మనవాళ్లు ఇప్పుడే చెప్పారు. పెబ్బేరు దాటగానే మామిడితోటలో కారుంది. ముబషిరా ఒక్కతే ఉంది. కాల్చేశారు. అరుణ్ లేడు."

జీషాన్ ముల్లుగర్ర నేలకానించి నిలబడ్డాడు. పశువుల లారీని తవ్వడం చూసి అరుణ్ ఆమెను అనుమానించి ఉంటాడు. తను చెప్పిన నంబర్ వల్లే ఆమె చచ్చిపోయింది. ఆమె అబద్ధం చెప్పిందా? అబద్ధం చెప్పినదైతే వాళ్లు ఎందుకు కాలుస్తారు?

"వెంకటన్నా, పట్టేముందు చెయ్యి మర్లేస్తరా ఎవరన్నా?"

"మర్లేసుడా? అంగడిల గట్ల ఎవ్వరు చెయ్యరు." వెంకటన్న గడ్డం గోక్కున్నాడు. "మీ తాత ఒక్కడు చేస్తుండెనంట. మీ దాదీ అన్నం పట్టుకొస్తే గట్ల చెయ్యి పట్టుకుంటుండె, మేం నవ్వుకుంటుంటిమి అని మా నాయన చెప్తుండె. గా లెక్క మాకెవ్వరికి తెల్వదు."

*

వనపర్తి దవాఖాన వార్డులో ఫ్యాన్ కిర్రుమంటోంది. మున్నీబీ ముఖం దిండులో కలిసిపోయినట్టుంది. చేతులు మాత్రం ఇంకా పని చేసిన చేతుల్లాగే ఉన్నాయి.

"ఏంది బేటా, గీ లుంగీ ఏంది? నౌకరి పోయిందా?"

"లేదు దాదీ. జర చెయ్యి ఇయ్యి." దుప్పటి కింద ఆమె చేతిని పట్టుకున్నాడు. కిందికి మర్లేశాడు. నాలుగు పట్టాడు. ఒకటి. మూడు. రెండు.

మున్నీబీ తల అతని వైపు తిప్పింది.

"ఎంత దాదీ?"

"ఒకటి, నాలుగు, రెండు, మూడు." ఆలోచించకుండా చెప్పింది. "చెయ్యి మర్లేసినంక పట్టినవి లెక్కగాదు. వదిలిన వేళ్లే లెక్క. ఆఖరి ధర నాకొక్కదానికే చెప్తుండె. పక్కనోళ్లు చూసినా తప్పు లెక్కవెట్టాలని."

జీషాన్ అప్పటికే ఫోన్ తీశాడు. "పద్మజా, ఒకటి నాలుగు రెండు మూడు. వదిలిన వేళ్లు లెక్క... అది వదిలెయ్. ఒకటి నాలుగు రెండు మూడు."

"కాన్వాయ్ గోపాల్‌పేట దాటింది సార్. ఇక్కడ లారీలు వరసగా ఆగి ఉన్నాయి. చూస్తున్నా."

ఫోన్‌లో గాలి హోరు. ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు. ఎక్కడో ఎద్దు రంకె. మనవడు దాదీ చెయ్యి వదల్లేదు. ఫోన్‌లో దూరంగా కాన్వాయ్ హారన్ మోగింది. పద్మజ ఏదో అరిచింది. అద్దం పగిలింది. ఆ తర్వాత ఏమీ లేదు.

"పద్మజా?"

"...పట్టుకున్నాం. వాడి వేలు స్విచ్ మీదే ఉంది సార్. నొక్కడమే తక్కువ." ఆమె గట్టిగా ఊపిరి పీల్చింది. "కాన్వాయ్ ఇప్పుడే మమ్మల్ని దాటిపోతోంది. సోల్జర్ ఒకడు చెయ్యి ఊపుతున్నాడు. ఎడ్లను చూసి."

జీషాన్ ఫోన్ మంచం మీద పెట్టాడు. మున్నీబీ అతన్నే చూస్తోంది.

"గీ లెక్క నాకూ ఆయనకే తెల్సు. నీకెవరు చెప్పిండ్రు?"

అబద్ధం చెప్పడం అతని వృత్తి. ఆమె దగ్గర మాత్రం ఎన్నడూ కుదరలేదు.

"ఒక ఆడపిల్ల."

"ఎంతుంటది వయసు?"

"పాతికేండ్లుంటయి."

మున్నీబీ పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూసింది. ఏళ్లు కలుపుకుంటోందని అతనికి తెలుస్తూనే ఉంది. ఆపలేడు.

"అయితే యుద్ధంల సచ్చిపోలే," అంది మెల్లగా. "నేను ఫాతెహా ఇచ్చినప్పుడల్లా ఆయన యాడనో అన్నం తింటుండె."

జీషాన్ ఆమె దుప్పటి పైకి లాగాడు. ఊరు అన్నది అబద్ధమని ఒక్కసారి రుజువు చెయ్యాలనుకున్నాడు. ఊరన్నదే సగం నిజమని ఈ మంచం దగ్గరికి తనే మోసుకొచ్చాడు.

ఫోన్ మోగింది. దశరథం.

"శభాష్. ఢిల్లీ చాలా హ్యాపీ."

"ఆమె ఎవరు సార్?" జీషాన్ కిటికీ దగ్గరికి వెళ్లాడు.

దశరథం గొంతు తగ్గించాడు. "మహబూబ్ మనవరాలు. అక్కడి సంసారం. ముసలాయన పోయేముందు ఏదో వేళ్ల లెక్క నేర్పాడట. ఎప్పుడన్నా మన వైపు రావాలనిపిస్తే పెబ్బేరులో ఇదొక్కటే నమ్ముతారని చెప్పాడట. అంతకు మించి నాకూ తెలియదు."

"అయితే ఆయన మన మనిషే. ఫైల్లో రాయండి."

"ఫైల్లో ఉన్నది వేరు. అవతల పెళ్లి చేసుకున్నాడు, పిల్లలున్నారు, ఇష్టపడే ఉండిపోయాడు అని ఉంది. దాన్ని మార్చాలంటే సాక్షి కావాలి. ఉన్న ఒక్క సాక్షి మామిడితోటలో పడుంది. రికార్డులో ఆమె గుర్తు తెలియని మహిళ. ఇవాళ కోడేరులో ఏమీ జరగలేదు. తెలుసు కదా?"

"తెలుసు సార్. ఒక్క నిమిషం లైన్లో ఉండండి."

అతను మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఇంత చదువుకున్నా ఆ మాటను మెత్తగా చెప్పే దారి దొరకలేదు.

"దాదీ, ఆ పిల్ల ఆయన మనవరాలు. నీ లెక్కే నేర్పి పంపిండు. దాన్ని చదివేది నువ్వొక్కదానివేనని ఆయనకు తెల్సు. నిన్ను మరవలే."

"ఆ పిల్ల ఏది?"

"లేదు."

మున్నీబీ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాడు. అప్పుడు దుప్పటి కింద ఆమె చెయ్యి అతని చేతిని వెతుక్కుంది. మెల్లగా దాన్ని కిందికి మర్లేసింది. ఐదు వేళ్లూ కలిపి పట్టుకుంది. లెక్కకు ఒక్క వేలూ వదల్లేదు.

ఫోన్‌లో దశరథం గొంతు వినబడింది. "ముసలామెకు చెప్పావా? ఏమంది?"

జీషాన్ ఆ పట్టు విడిపించుకోకుండా ఎడమ చేత్తో ఫోన్ తీసుకున్నాడు.

"ఐదంది సార్."

"పూర్తి ధరే!" అన్నాడు దశరథం, మనసు తేలికపడ్డవాడిలా. "పోనీలే, బేరం కుదిరింది."