ఎవరి చెయ్యి ఎంత

శ్రీకాకుళంలో 2074 నాటికి టీ కొట్ల దగ్గర కూడా "ఎవరు పట్టారు?" అని అడగడం మానేశారు. "ఎవరి చెయ్యి ఎంత?" అని అడుగుతున్నారు. మహిళల కబడ్డీ లీగులో కూతకు వచ్చిన అమ్మాయి పట్టుబడిన మరుక్షణం మైదానం గోడ మీద అంకెలు వెలుగుతాయి. కాలు అందుకున్న అమ్మాయికి ఇంత, పక్కన చెయ్యి పట్టి లాగిన అమ్మాయికి ఇంత, వెనక దారి మూసిన అమ్మాయికి ఇంత.

ఆ అంకెలు చెప్పే యంత్రం పేరు ఆసరా మాపకం. పై దేశాల జట్లు దాన్ని సపోర్ట్ మీటర్ అంటాయి. ఆటగత్తెల మణికట్టు పట్టీల్లోని సెన్సర్లు బలాన్ని కొలుస్తాయి, కెమెరాలు కదలికను చూస్తాయి. ఒక పని జరగగానే, ఫలానా మనిషి అక్కడ లేకపోతే ఆ పని జరిగేదేనా అని మాపకం కొన్ని వేలసార్లు లెక్కగట్టి చూసుకుంటుంది. ఎవరి వాటా ఎంతో అలా తేలుతుంది. దీనివల్ల బాగుపడింది కవర్లు. మూలన నిలబడ్డ అమ్మాయి చెయ్యి పట్టుకుని, ఆమె దూకినప్పుడు తూలిపోకుండా ఆపేది కవరే. పాతరోజుల్లో చప్పట్లన్నీ మూల అమ్మాయికే పోయేవి.

వంశధార జట్టు ప్రయోగశాలలో ఆ యంత్రాన్ని తయారుచేసినవారిలో వకుళ ఒకతె. ఒకప్పుడు తనూ మూల అమ్మాయే.

ఈ ఏడు జట్టులో కవర్లు ముగ్గురు. మూడేళ్ళ ఒప్పందాలు రెండే. ఎవరికివ్వాలో చెప్పే నివేదిక వకుళ తయారుచెయ్యాలి. కవర్ విలువ ఒక్క ఏడాదిలో కనపడదు కనక, ప్రతి అమ్మాయీ తను ఆడిన పాత ఆట ఒకటి ఎంచి ఇచ్చుకోవడం ఆ జట్టు ఆనవాయితీ. చిన్నవాళ్ళిద్దరూ నిరుటి లీగు ఆటలు ఇచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళ నీలవేణి మాత్రం పద్నాలుగేళ్ళ కిందటి జిల్లా పాఠశాలల ఫైనల్ ఇచ్చింది.

వీడియో మీద తేదీ చూడగానే వకుళ చెవులు వేడెక్కాయి.

ఆ ఆట చివరి కూతలో వకుళ పట్టిన పట్టును ఊరు ఊరంతా చెప్పుకుంది. ఆ పట్టుకే ఆమెకు క్రీడా విజ్ఞాన సంస్థలో సీటు వచ్చింది. అప్పుడు ఆమె పక్కన కవరుగా ఉన్నది నీలవేణి.

తలుపు వేసుకుని వీడియో నడిపింది. పాత ఆటలకు పట్టీలుండవు, కెమెరా చూపుతోనే మాపకం సరిపెట్టుకుంటుంది. తెర మీద పదిహేనేళ్ళ వకుళ ముందుకు దూకి చీలమండ అందుకుంది. అంతలోనే వేళ్ళు జారాయి. జారడం కాదు, వదిలేసింది. మొహానికి కాలు తగులుతుందేమోనని తల పక్కకు తిప్పేసుకుంది. నీలవేణి ఆమె చెయ్యి వదలకుండా గిరుక్కున తిప్పి కూత అమ్మాయి మీదికి తోసి, తనూ వచ్చి మీద పడింది. దుమ్ము తగ్గేసరికి జనం వకుళను భుజాల మీద ఎత్తుకున్నారు.

వకుళ పదకొండు. నీలవేణి ఎనభై తొమ్మిది.

రేపు సమావేశంలో ఈ అంకెలు గోడ మీద వెలుగుతాయి. వకుళ ఆ వీడియో ఎదురుగా "చెడిపోయింది" అని నమోదు చేసింది. అప్పటిదాకా జాబితాలో రెండోదిగా ఉన్న నీలవేణి, ఒక్క మార్కు తేడాతో మూడో స్థానానికి దిగిపోయింది.

మర్నాడు జాబితా చూసి కోచ్ తవిటినాయుడు కనుబొమలు ముడిచాడు.

"నిన్న రెండోదిగా ఉన్న పిల్ల ఇయ్యాల మూడోదెలాగయినాది?"

మైదానంలో పట్టయినా, ఈ గదిలో పనయినా మాపకానికి లెక్క ఒకటే. అదే జవాబు చెప్పింది. "ఒక వీడియోను లెక్కలోంచి తీసేశారు. అది చెడిపోలేదు. నీలవేణి కిందికి దిగడంలో వకుళ వాటా డెబ్బై ఒకటి. మిగతా ఇరవై తొమ్మిదీ ఈ గదిలోనివారిదే. పేర్లు చెప్పమంటారా?"

మేనేజరు దయానిధి కుర్చీలో కదిలాడు. ముప్ఫైకొచ్చిన మోకాళ్ళు మనకెందుకమ్మా అని పోయిన వారమే వకుళతో అన్నది ఆయనే. మూడు నెలలుగా నీలవేణిని బెంచీ మీద కూర్చోబెట్టింది తవిటినాయుడు.

"వద్దొద్దు. దీనికి ఇయ్యాల తిక్క రేగినట్టుంది. కట్టీండి" అన్నాడు దయానిధి. యంత్రం ఆపేసి, కాగితాలు దగ్గరికి లాక్కున్నారు. వకుళను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె వైపు చూడనైనా లేదు. గండం గడిచిందని ఆమె గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు, వీడియో తీసేసినప్పటికన్నా ఎక్కువ సిగ్గేసింది.

వరండాలో నీలవేణి మోకాలికి గుడ్డ చుట్టుకుంటోంది.

"అయిపోనాదేటే?"

"నీ వీడియో నానే తీసీసినాను" అంది వకుళ. ఆమె నోట ఊరి మాట వచ్చి చాలా ఏళ్ళయింది. "ఆ రోజు నాను పట్టలేదే. బయిమేసి వదిలీసినాను."

నీలవేణి చెయ్యి ఆగలేదు. "సెయ్యి నాదే గదేటే, నాకు తెల్దా? దానికి మిసనొచ్చి సెప్పాలేటి?" గుడ్డ బిగించి ముడేసింది. "ఎప్పుడో ఓపాలి నీ నోటితో నువ్వే అంటావనుకున్నాను. సూసి సూసి, ఆ ఆట ఇచ్చినాను. నాకు ఇంకో పని రాదే వకుళా."

వకుళ మళ్ళీ గదిలోకి వెళ్ళింది. మొదటి ఒప్పందం మీద సంతకాలు పూర్తయ్యాయి. రెండోదాని మీద దయానిధి కలం ఆనించబోతున్నాడు. ఆమె యంత్రం మీట నొక్కి, తను నమోదు చేసిన మాట కొట్టేసి, వీడియోను గోడ మీద నడిపింది. తల తిప్పుకున్న క్షణం దగ్గర ఆపింది.

"ఇది నేను. భయపడి వదిలేశాను. పట్టింది నీలవేణి. ఆ సీటు ఆమెకు రావలసింది. నిన్న ఈ వీడియో దాచింది కూడా నేనే."

అంకెలు మారాయి. గోడ మీది జాబితాలో రెండో ఒప్పందం ఎదురుగా నీలవేణి పేరు వచ్చింది.

"సరే, దాని పేరొచ్చీసింది గదమ్మా" అన్నాడు తవిటినాయుడు మెల్లగా. "ఇంక కట్టీ."

"మిగతా పేర్లు చెప్పమంటారా?" అంది మాపకం.

"చెప్పు. నా పేరుతోనే మొదలుపెట్టు" అంది వకుళ.

బల్ల మీదున్న చేతులు ఒక్కొక్కటే కిందికి జారాయి.