గాజుకు అంటని బొమ్మ

తలుపు తట్టకుండానే డిటెక్టివ్ గదిలోకి వచ్చిన ఆమె కుర్చీలో కూలబడింది.

"మా పాప బొమ్మ పోయిందండీ. దాని చేత్తో గీసింది అదొక్కటే మిగిలింది. పాపే లేదు, ఇప్పుడు అదీ లేదు. మా వదినే తీసి ఉంటుంది."

వజ్రాలు పోతే పట్టిచ్చే మహానుభావుడు దళసరి కాగితం మీద స్కెచ్ పెన్నులతో గీసిన బొమ్మ కోసం కదులుతాడా అని సహాయకుడు బెంగపడ్డాడు. డిటెక్టివ్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే: ఆమె, భర్త, అతని అక్క. అక్క గాజు సీసాలకూ దీపాలకూ కాగితపు బొమ్మలు అంటించి అమ్ముతుంది. ముందు గదిలో కాలు పెట్టే చోటు లేదు.

"గాజుకు ఎలా అంటిస్తారమ్మా?" అన్నాడు డిటెక్టివ్.

"లోపలివైపు నుంచండి. బొమ్మ ముఖం గాజుకు ఆనాలి. వెనక లేత రంగు పూస్తే బొమ్మ తేలుతుంది."

"కాగితం దళసరిదైతే?"

"తడిపి వెనక పొరలు ఊడదీస్తాం. అచ్చు బొమ్మలైతే పర్వాలేదు. చేత్తో గీసినవాటికి ముందు వార్నిష్ కొట్టి ఆరబెట్టాలి, లేకపోతే సిరా కారిపోతుంది. అలాంటివి నా దగ్గరికి వచ్చి చాలా కాలమైంది."

"సాయం ఎవరు?"

"మా తమ్ముడే. ఈమధ్యే మొదలుపెట్టాడు, పాప పోయాక ఊసుపోక."

చెత్తబుట్టలో ఎండిపోయిన తెల్లని కాగితం పొరలు, అలమర వెనక పైనంతా నల్ల రంగు పూసిన దీపం బుడ్డి సహాయకుడి కంటపడ్డాయి. డిటెక్టివ్ ముగ్గురినీ కూర్చోబెట్టాడు.

"దీపానికి పైన నల్ల రంగు ఎవరూ వేయరు, వెలుగే రాదు. కప్పిపెట్టాల్సింది ఏదో ఉంటే తప్ప. పొరలు ఊడదీయడం తెలుసు, వార్నిష్ సంగతి తెలియదు. చూసి సగం నేర్చుకున్న మనిషి పని ఇది. మీ వదిన కాదమ్మా."

భర్త తలెత్తలేదు. "నీ మంచం పక్కన పెడదామనుకున్నా. దీపం వేసినప్పుడల్లా పాప గీసింది కనపడుతుందని. తడపగానే రంగులన్నీ కలిసి ముద్దయిపోయాయి. అది నీకు చూపించలేక..."

"గీకితే వస్తుందాండీ?" ఆమె డిటెక్టివ్‌ను అడిగింది.

"రాదమ్మా. నీళ్లలోనే పోయింది."

గురువుగారు కేసు తేల్చినప్పుడల్లా పొంగిపోయే సహాయకుడికి ఈసారి అక్కణ్ణించి పారిపోవాలనిపించింది. ఈయన కనిపెట్టకపోతే ఆమెకు కనీసం ఆశైనా మిగిలేది.

ఆమె భర్త వైపు తిరిగింది. అరవలేదు.

"మంచాల కిందా బీరువా వెనకా నాతోపాటు నువ్వూ వెతికావు కదా. నేను ఏడుస్తుంటే, దొరుకుతుందిలే అన్నావు."