ఎడమ చెయ్యి ఎత్తితే

నేను పళ్ల డాక్టర్ని. నాకు పళ్ల డాక్టరంటే భయం. ఈ సంగతి మా అక్కకి తప్ప ఎవరికీ తెలియదు.

అలాంటివాణ్ని వేరే ఊళ్లో పళ్ల డాక్టర్ల కాన్ఫరెన్సుకి పిలిచారు. అక్కడ నేను చదవాల్సిన పేపరు పేరు 'కుర్చీ భయం పోగొట్టడం ఎలా'. సరిగ్గా అప్పుడే నా దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా," అంది అక్క, బ్యాగులో లవంగాల పొట్లం పెడుతూ. "అక్కడ అంతమంది డాక్టర్లుంటారు. ఎవరికో ఒకరికి చూపించుకోరా."

"పరువు పోతుందక్కా."

మొదటి రోజు భోజనాల దగ్గర, ఎదురు టేబుల్ నుంచి ఒకమ్మాయి నన్నే చూస్తోంది. ఆ ఊరి డాక్టరేనని మెడలో కార్డు చెబుతోంది. రెండో రోజూ అదే చూపు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

చివరికి తనే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఒకటి అడగనా?"

"అడగండి," అన్నాను.

"నిన్నట్నుంచి ఎడమవైపే నములుతున్నారు. కుడివైపు పిప్పి పన్నా?"

నా మొహం మాడిపోయింది. "అంటే మీరు చూసింది పన్నునా?"

"ఇంకేం చూశాననుకున్నారు?"

నేను ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకున్నాను.

"నాలుగింటికి మీరు మాట్లాడాలి. ఈ నొప్పితో ఏం మాట్లాడతారు? నా క్లినిక్ వీధి చివరే, పదండి."

కుర్చీలో కూర్చోగానే నాకు చెమటలు పట్టాయి. అది చూసి తను నవ్వలేదు.

"మీ పేపరు చదివాను. పేషెంటు ఎడమ చెయ్యి ఎత్తితే డాక్టరు చేసే పని ఆపేయాలి, ఎందుకని అడక్కూడదు. అంతేగా?"

"అంతే."

లైటు వెయ్యగానే ఎత్తాను. ఆపింది. సూది తియ్యగానే ఎత్తాను. ఆపింది. పదకొండుసార్లు ఎత్తితే పదకొండుసార్లూ ఆపింది, ఒక్కసారీ విసుక్కోలేదు. పన్నెండోసారి నొప్పీ లేదు, భయమూ లేదు. పని అప్పుడే అయిపోకూడదని ఎత్తాను.

"ఇప్పుడెందుకు?"

"అడక్కూడదుగా."

సాయంత్రం సగం మొద్దుబారిన మూతితోనే, "నాకూ భయమే," అని మొదలుపెట్టాను. హాలంతా నవ్వింది, ఆ తర్వాత శ్రద్ధగా విన్నది. చివరి వరసలో తను కూడా ఉంది.

మర్నాడు స్టేషనుకొచ్చింది, పన్ను చూడ్డానికట. ప్లాట్‌ఫారం మీదే నా నోరు తెరిపించి ఫోను లైటు వేసింది.

"బాగుంది. ఇక నాతో పని లేదు."

"అంతేనా?"

"అంతే."

ఆ పిల్లని వదిలి వెళ్లడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. ఆ మాట చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. పిరికివాడికి భయం పన్ను దగ్గరే ఆగదు కదా. రైలు మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి చూశాను.

తను ఎడమ చెయ్యి ఎత్తి నిలబడి ఉంది. ఊపడం లేదు. ఊరికే ఎత్తి పట్టుకుంది.

కాలు కిందికి దించాను. ఎందుకని అడగలేదు. రైలు వెళ్లిపోయింది.

"మొదటి రోజు పన్నే చూశాను," అంది తను, నేల చూస్తూ. "రెండో రోజు చూసింది పన్ను కాదు."

"నేను మాత్రం రెండు రోజులూ మిమ్మల్నే చూశాను," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

తర్వాత అక్కకి ఫోన్ చేశాను.

"రేపొస్తానక్కా."

"పన్ను ఇంకా తగ్గలేదా?"

"తగ్గింది."

"అయితే ఫోన్ ఆ పక్కనున్న అమ్మాయికివ్వు," అంది అక్క.